కదిలే చోట గంధం

మా ముత్తాత సర్వారాయుడు గారు ఏడు ఊళ్ల శిస్తు అనుభవించే మొఖాసాదారు. పామర్రుకు దిగువన పంటకాలువ గట్టు మీద ఆయన గుర్రం కనబడితే చేలల్లో వంగి ఉన్నవాళ్లు నడుమెత్తి నిలబడేవారట. ఆయన కుమారుడు, మా తాత రాఘవరాయుడు గారు, బందరులో కలెక్టరు ఎదుట కుర్చీలో కూర్చునే మర్యాద ఉన్న కొద్దిమందిలో ఒకరు. మా నాన్నగారి హయాంలో భూములు, దివాణం, వాటి కోసం వేసిన దావాలు ఒకదాని వెంట ఒకటి పోయాయి. గొప్పకు చెప్పడం లేదు. ఇకముందు నేను రాయబోయే పొరపాటు ఎలాంటి మనిషి చేశాడో తెలియడానికి ఇది అవసరం.

నేను అనస్థీషియా టెక్నీషియన్ని. విజయవాడలో, ఏలూరు రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లుగా పని చేస్తున్నాను. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇచ్చేది డాక్టరు. ఆ మత్తు మెషీన్‌ను సిద్ధం చేసేది, గొట్టాలు బిగించేది, పొద్దున్నే పరీక్షించేది, ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ డాక్టరు పక్కన నిలబడేది టెక్నీషియన్. నేను ఈ కోర్సులో చేరినప్పుడు మా బంధువుల్లో ఒకాయన, రాయుడు గారి మనవడు గాలి గొట్టాలు తుడిచే పనికి పోతున్నాడని పదిమందిలో అన్నాడు. థియేటర్‌లో నన్ను అందరూ దొరగారని పిలుస్తారు. అది వేళాకోళంగానే మొదలైంది. నేను ఏనాడూ దాన్ని వేళాకోళంగా తీసుకోలేదు కాబట్టి, కొన్నాళ్లకు అది పేరైపోయింది.

కరోనా సద్దుమణిగాక మా ఊళ్లో మళ్లీ నిండుగా దసరా జరిగిన ఏడాది అది. పండగ వెళ్లిన మర్నాడు, ఏకాదశి రోజు పొద్దున, మొదటి ఆపరేషన్ ఖాసిం గారికి. ఆటోనగర్‌లో ఆయనకు డీజిల్ పంపులు బాగుచేసే షెడ్డు ఉంది. యాభై ఎనిమిదేళ్లుంటాయి. బీపీ ఉంది, షుగరు ఉంది. పిత్తాశయంలో రాళ్లు. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూస్తూ తీసే ఆపరేషన్.

ముందురోజు సాయంత్రం మా అనస్థీషియా డాక్టరు సుహాసిని గారు ఆయన్ని చూడటానికి వార్డుకు వెళితే నేనూ వెంట వెళ్లాను. గుండె, ఊపిరితిత్తులు, పళ్లు, మెడ చూసి, ఆవిడ వేరే పేషెంటు దగ్గరికి వెళ్లారు. ఖాసిం గారు నన్ను ఆపారు.

“సార్, ఒక్క మాట. నేను నిద్రపోయాక నా ఊపిరి ఎవరు తీస్తారండీ?”

ఇన్నేళ్లలో నన్ను చాలామంది చాలా అడిగారు. నొప్పి తెలుస్తుందా, మధ్యలో మెలకువ వస్తుందా, ఎంతసేపు పడుతుంది. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మనం ఊపిరి తీసుకునేటప్పుడు గాలిని మనం లోపలికి నెట్టం. రొమ్ము వెడల్పవుతుంది, గాలి దానంతటదే వస్తుంది. ఆపరేషన్ కోసం కండరాలు సడలే మందు ఇచ్చాక ఆ కదలిక ఆగిపోతుంది. ఇక గాలిని బయటి నుంచి నెట్టాలి. మెషీన్ మీద అవతలికి కనబడే గంటలాంటి మూతలో మడతల తిత్తి ఒకటి ఉంటుంది. దాన్ని బెలోస్ అంటాం. ఆ తిత్తి అణిగితే అందులోని గాలి గొట్టం గుండా వెళ్లి రోగి రొమ్మును లేపుతుంది. రొమ్ము దిగితే తిత్తి మళ్లీ లేస్తుంది. ఇక్కడ పడితే అక్కడ లేవాలి, అక్కడ పడితే ఇక్కడ లేవాలి. మొదటిసారి చూసిన రోజు నేను అక్కడే నిలబడిపోయాను. ఇప్పటికీ ఆ రెండింటినీ ఒకేసారి చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

రోగి దగ్గర రెండు ముడతల గొట్టాలు కలుస్తాయి. ఒకటి గాలిని తెచ్చేది, రెండోది విడిచిన గాలిని తీసుకుపోయేది. తీసుకుపోయిన గాలిని పారేయం. తెల్లటి గుళికలు నింపిన డబ్బాలోంచి పంపిస్తాం. సోడా లైమ్ అనే ఆ గుళికలు విడిచిన గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టుకుని, మిగతాది వదిలేస్తాయి. దానికి కొంచెం కొత్త ఆక్సిజన్, కొంచెం మత్తు కలిసి మళ్లీ రోగికే వెళుతుంది. ఒకే మనిషి ఊపిరి ఆ మనిషి చుట్టూనే తిరుగుతుంది. అందుకే దీన్ని సర్కిల్ సిస్టమ్ అంటారు. ఆపరేషన్ మధ్యలో ఆ డబ్బా మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగులుతుంది. మాటా పలుకూ లేకుండా పడుకున్న మనిషి బతికే ఉన్నాడని నాకు నమ్మకం కలిగించేది తెర మీద అంకెల కంటే ఆ వెచ్చదనమే.

ఇదంతా ఇంత వివరంగా ఆయనకు చెప్పానని కాదు. తిత్తి గురించి, రెండు గొట్టాల గురించి చెప్పాను. ఆయన కళ్లు చిన్నవి చేసుకుని విన్నారు.

“అంటే రెండు వాల్వులుంటాయి. ఇన్‌లెట్ ఒకటి, ఎగ్జాస్ట్ ఒకటి. లేకపోతే వదిలిన పొగే మళ్లీ లోపలికి పోద్ది.”

ఆశ్చర్యపోయి, ఉన్నాయని చెప్పాను. పక్కనే ఫ్లాస్కులో టీ పోస్తున్న ఆయన భార్య బీబీజాన్ గారు తల కొట్టుకున్నారు. “ఈయనకి ఏది చూసినా ఇంజనే సార్. పెళ్లిచూపులకొచ్చి, మా నాన్న స్కూటర్ చప్పుడు విని బోరు అరిగిందన్నారు. నా మొహం చూశారో లేదో తెలీదు.”

“చూశాను కాబట్టే స్కూటర్ ఫ్రీగా చేసిచ్చా,” అన్నారాయన. తర్వాత నా వైపు తిరిగి, నవ్వు తగ్గించుకుని అడిగారు. “మెషీన్ ఆగితే?”

“నేనుంటాను,” అన్నాను.

డాక్టరుగారుంటారని చెప్పాలి. మా పద్ధతి అది. కానీ నా నోట ఆ మాటే వచ్చింది.

ఇప్పుడు నవమి నాటి సంగతి చెప్పాలి. మహర్నవమికి మా దివాణంలో ఆయుధ పూజ జరిగేది. కత్తులు, తుపాకులు, పల్లకి, చివరికి ధాన్యం కొలిచే కుంచాలు కూడా వరసగా పెట్టి తాతగారు తన చేత్తో గంధం తీసి, తన చేత్తో బొట్లు పెట్టేవారట. పనివాళ్లను ఆ పూజ దగ్గరికి రానిచ్చేవారు కాదు. థియేటర్‌లో కూడా ఏటా ఆ రోజు ఆపరేషన్లు ఆపి, టేబుల్‌కీ, లైట్లకీ, మత్తు మెషీన్‌కీ పూజ చేస్తాం. ఊళ్లో అన్ని ఆసుపత్రుల్లోనూ చేస్తారు. అత్యవసరమైనవి వస్తే రెండో థియేటర్ వాడతారు. మత్తు మెషీన్ పూజ మాత్రం నేనొక్కణ్నే చేస్తాను. ఎవరైనా కుంకుమ డబ్బీతో దగ్గరికొస్తే నా చూపుకే వెనక్కి తగ్గుతారు.

ఆ ఏడు తెల్లవారే వచ్చి మెషీన్ మొత్తం తుడిచాను. సోడా లైమ్ కొత్తది నింపాను. సానరాయి మీద గంధం తీసి, మెషీన్ నొసట మూడు వేళ్లతో నామం దిద్దాను. వాల్వుల మీద రెండు గుండ్రటి గాజులాంటి మూతలుంటాయి. లోపల పలక లేస్తూ పడుతూ ఉండటం పైనుంచి కనబడాలని అవి అలా చేస్తారు. చూడటానికి రెండు కళ్లలా ఉంటాయి. వాటికీ బొట్టు పెట్టాను. పెట్టాక, ఒక మూత లోపల సన్నటి దుమ్ము ఉన్నట్టు అనిపించింది. మరక ఉన్న వస్తువుకు పూజ చేయడం నాకు ఇష్టం లేకపోయింది. మూత మర తిప్పి తీసి, గాజుగుడ్డతో లోపల తుడిచి, పలకను పైకి తీసి చూసి, మళ్లీ పెట్టి బిగించాను. హారతికి పిలుస్తున్నారు. చెయ్యి కడుక్కోలేదు.

ఆ పలక గురించి ఒక్క మాట. అది పాత రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, ఎండిన తమలపాకంత తేలిక. స్ప్రింగు లేదు, మోటారు లేదు, కరెంటు లేదు. కత్తి అంచులాంటి సన్నటి గుండ్రటి గట్టు మీద ఊరికే కూర్చుని ఉంటుంది. గాలి వస్తే లేస్తుంది. ఆగితే తన బరువుకు తనే పడి దారి మూస్తుంది. అంత పెద్ద మెషీన్‌లో, అన్ని మీటర్లు, అలారాలు ఉన్నచోట, మనిషి విడిచిన గాలి మళ్లీ అతని నోట్లోకి పోకుండా ఆపేది ఆ ఆకే.

ఏకాదశి పొద్దున మెషీన్ పరీక్ష నేనే చేశాను. ఆక్సిజన్ పైపు, సిలిండర్ చూశాను. గొట్టాల కొస బొటనవేలితో మూసి, లోపల ఒత్తిడి పెంచి, అది జారకుండా నిలబడుతోందా అని చూశాను. దీన్ని లీక్ టెస్ట్ అంటాం. నిలబడింది. ఆ తర్వాత ఇంకొక పరీక్ష ఉంది. గొట్టాల కొసకు ఒక రబ్బరు బ్యాగు తగిలించి, దాన్నే ఊపిరితిత్తి అనుకుని మెషీన్ నడిపి, రెండు పలకలూ ఒకదాని తర్వాత ఒకటి లేచి పడటం కళ్లతో చూడాలి. రెండు నిమిషాల పని. లీక్ టెస్ట్ ఈ పలకల సంగతి చెప్పదు. అది నాకు తెలుసు, కొత్తవాళ్లకు నేనే నేర్పుతాను. ఆ రోజు చేయలేదు. రెండు రోజుల కిందట నా చేత్తో శుభ్రం చేసి, పూజ చేసిన మెషీన్ అది. దాన్ని అనుమానించాలని నాకు తోచలేదు. చెక్‌లిస్టులో ఆ గడికి కూడా టిక్ పెట్టాను.

ఖాసిం గారు టేబుల్ ఎక్కి, మెషీన్ వైపు ఒకసారి చూసి, బొట్లు బాగా పెట్టారన్నారు. మత్తు ఎక్కింది. సుహాసిని గారు గొంతులో ట్యూబు వేసి మెషీన్‌కు కలిపారు. తిత్తి అణిగింది, రొమ్ము లేచింది.

మొదటి పావుగంట అంతా బాగానే ఉంది. కాప్నోగ్రాఫ్ అనే తెర ఒకటి ఉంటుంది. రోగి విడిచే గాలిలో కార్బన్ డయాక్సైడు ఎంతుందో ఊపిరి ఊపిరికీ గీసి చూపిస్తుంది. ఊపిరి వదిలినప్పుడు గీత నిట్టనిలువుగా లేచి, గట్టు మీద నడిచినట్టు చదునుగా పోయి, తీసుకున్నప్పుడు ఒక్కసారిగా సున్నాకు పడుతుంది. చదును దగ్గర ముప్పై అయిదు, నలభై మధ్య అంకె ఉంటే మాకు నిశ్చింత. ఆ అంకె నలభై ఆరయింది. తర్వాత యాభై ఒకటి.

సర్జన్‌గారు తలెత్తకుండానే, పొట్టలో గ్యాస్ నింపుతున్నాను కదా, పెరగడం మామూలేనన్నారు. నిజమే. ఈ రకం ఆపరేషన్‌లో లోపల చోటు కోసం పొట్టను కార్బన్ డయాక్సైడుతోనే ఉబ్బిస్తారు. అది కొంత రక్తంలోకి ఇంకుతుంది. సుహాసిని గారు నిమిషానికి ఊపిర్ల సంఖ్య పెంచారు. అంకె తగ్గలేదు. యాభై ఎనిమిది. నాడి వేగం పెరిగింది, బీపీ పెరిగింది, నుదుటి మీద చెమట పట్టింది. మత్తులో ఉన్న మనిషికి చెమట పట్టడం చూస్తే మాకు భయం. అప్పుడే ఈసీజీలో ఒక దెబ్బ వరస తప్పి పడింది. కొంచెం ఆగి ఇంకొకటి.

ఆవిడ పొట్టలో గ్యాస్ తీసేయమన్నారు. సర్జన్‌గారు తీసేసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. అయినా తగ్గలేదు. అప్పుడు నేను పైనున్న అంకెను వదిలేసి గీత అడుగు చూశాను. సున్నాకు పడాల్సిన గీత సున్నాకు పడటం లేదు. ఎనిమిది దగ్గర ఆగి మళ్లీ లేస్తోంది. పొట్టలోంచి ఇంకిన గ్యాస్ అయితే గట్టు ఎత్తు పెరుగుతుంది, అడుగు మాత్రం సున్నాకే దిగుతుంది. అడుగు లేచిందంటే ఆయన విడిచిన గాలినే మళ్లీ పీలుస్తున్నారు.

“మేడమ్, బేస్‌లైన్ లేచింది,” అన్నాను.

“సోడా లైమ్?”

“మొన్ననే మార్చాను. తెల్లగానే ఉంది.”

ఆవిడ కొత్త ఆక్సిజన్ ధార పెంచారు. తప్పు గుళికలదైతే, కొత్త గాలి ఎక్కువైనకొద్దీ ఆ గీత అడుగు దిగాలి. దిగలేదు. నేను మూతల వైపు తిరిగాను. లోపలికి పోయే వైపు పలక లేచి పడుతోంది. బయటికి వచ్చే వైపు మూత మీద నా బొట్టు అడ్డంగా ఉంది. వేలితో తుడిచి చూశాను. పలక ఒక అంచు మీద పైకి లేచి ఆగిపోయి ఉంది. సగం తెరిచిన తలుపులా వాలి ఉంది. తిత్తి అణిగిన ప్రతిసారీ, విడిచిన గాలి వచ్చిన దారినే వెనక్కి వెళ్లి ఆయన రొమ్ములో పడుతోంది.

పలక అతుక్కుందని చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. గొట్టాలు ఊడదీసి, ట్యూబుకు అంబూ బ్యాగు తగిలించారు. మెషీన్‌తో సంబంధం లేకుండా చేత్తో పిండి ఊపిరి ఇచ్చే బ్యాగు అది. మొదటి రెండు ఊపిర్లకే గీత అడుగు సున్నాకు పడింది. తప్పు మనిషిలో లేదని, మెషీన్‌లోనే ఉందని ఆ గీత అంత స్పష్టంగా చెప్పడం చూసి నేను అంత కంగారులోనూ నివ్వెరపోయాను.

మూత మర తిప్పాను. పలక కింద, గట్టు మీద, కందిబద్దలో సగం అంత పసుపుపచ్చటి ముద్ద. వేలికి జిగురుగా తగిలింది. వాసన చూడక్కర్లేదు, అయినా చూశాను. గంధం. రెండు రోజులు ఎండి గట్టిపడినంతసేపూ దాని జోలికి ఎవరూ పోలేదు. ఖాసిం గారి వెచ్చటి తడి ఊపిరి తగిలి నానింది. లేచిన పలకను పట్టుకుంది.

తుడిచాను. పలక తుడిచాను. గట్టు చుట్టూ పొడిగుడ్డ తిప్పాను. మళ్లీ పెట్టి, గొట్టాల కొసకు పరీక్ష బ్యాగు తగిలించి, ఈసారి ఆ రెండు పలకలూ లేచి పడటం లెక్కపెట్టుకుంటూ చూశాను. అంతలో సుహాసిని గారు మత్తు తేలిపోకుండా ఇంజెక్షన్ ఎక్కించాలని చెప్పి, నన్ను అంబూ పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

ఈ పని చేతికి కొత్తది కాదు. నేను చేరిన కొత్తలో ఆసుపత్రిలో ఇలాంటి వెంటిలేటర్ లేదు. అప్పటి పెద్ద డాక్టరుగారు గంటల తరబడి నల్ల రబ్బరు బ్యాగు చేత్తోనే పిండేవారు. కళ్లు మూసుకుని పిండేవారు. ఊపిరితిత్తి బిగుసుకుంటే వేళ్లకు తెలుస్తుందయ్యా, కళ్లకు తెలియదు అనేవారు. ఆ రోజు నాకు అది తెలిసింది. పిండితే ఖాసిం గారి రొమ్ము నా చేతికి ఎదురొచ్చింది. వదిలితే తిరిగి ఇచ్చింది. పది, పన్నెండు ఊపిర్లు ఉంటాయేమో. మెషీన్ ఆగితే నేనుంటానని చెప్పినవాణ్ని, ఉన్నాను. దాన్ని ఆపిందీ నేనే. ఆ రెండూ ఒకే చేతిలో ఉన్నాయి.

మళ్లీ మెషీన్‌కు కలిపాం. గీత గట్టులా లేచి సున్నాకు పడింది. అరగంటకు అంకె నలభై ఒకటి దగ్గర నిలబడింది. వరస తప్పిన గుండె దెబ్బలు మళ్లీ రాలేదు. ఆపరేషన్ పూర్తయింది. ఖాసిం గారు లేచి, పేరు చెప్పి, దాహం అడిగారు. ఆయన విడిచిన గాలినే మళ్లీ పీల్చిన సమయం మొత్తం పన్నెండు నిమిషాలు. బ్యాగు మీద నాలుగు నిమిషాలు.

సుహాసిని గారు తన అనస్థీషియా రికార్డులో వాల్వు అతుక్కున్న సంగతి, సరిచేసిన సంగతి రాసి సంతకం పెట్టారు. థియేటర్‌లో జరిగిన పొరపాట్లకు వేరే పుస్తకం ఉంది. దాన్ని నా ముందు పెట్టారు.

“కారణం మీరు రాయండి దొరగారూ. తడి చేరిందని రాసినా అబద్ధం కాదు. నేను అడగను.”

ఆవిడ నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆ మాటలో జాలి ఉంది. జాలి నాకు పడదు. పుస్తకం తీసుకుని అంతా రాశాను. గంధం, కడుక్కోని చెయ్యి, చేయని పరీక్ష, పెట్టిన టిక్. మా వంశంలో కాగితాల మీద సంతకాలు పెట్టి పోగొట్టుకున్నవి చాలా ఉన్నాయి. చదివి పెట్టిన సంతకం బహుశా ఇదొక్కటే. మేనేజ్‌మెంట్ వాళ్లు పిలిచి, పేషెంటుకు ఏమీ కాలేదు కాబట్టి బయట చెప్పక్కర్లేదన్నారు. ఉద్యోగం పోతుందని అనలేదు, పోదని కూడా అనలేదు. చెప్పాలన్నాను. డాక్టరుగారిని పంపిస్తామన్నారు. నేనే వెళతానన్నాను.

మర్నాడు పదకొండు గంటలకు వార్డుకు వెళ్లాను. సుహాసిని గారు కూడా వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఖాసిం గారు ఇడ్లీ తింటున్నారు. నిలబడే చెప్పాను. మధ్యలో ఆయన తినడం ఆపారు.

ముందు మాట్లాడింది బీబీజాన్ గారు. గొంతు పెంచలేదు.

“పూజ చేసింది మీరు. పోతే పోయేది మా ఆయన.”

అవునమ్మా అన్నాను. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని కిటికీ వైపు తిరిగారు.

ఖాసిం గారు చెయ్యి కడుక్కుని అడిగారు. “ఎండిన గంధం పట్టుకోదే?”

“ఊపిరి తడికి నానింది.”

“నా ఊపిరికే.”

“మీ ఊపిరికే.”

ఆయన ఆలోచించారు. ప్రాణం సంగతి ఆలోచిస్తున్నారనుకున్నాను. పలక సైజు అడిగారు. దేనితో చేస్తారని అడిగారు. సీటు అంచు ఎంత మందం అని అడిగారు. చెప్పాను. అంత సన్నటి దాని మీద మనిషిని పడుకోబెడతారా అని, తనలో తాను అనుకున్నట్టు అన్నారు. ఆ గొంతులో కోపం కంటే విస్మయమే ఎక్కువ ఉంది. ఆ ఒక్క విషయంలో ఆయనా నేనూ ఒకే రకం మనుషులమని అప్పుడు తెలిసింది.

“చెప్పకపోతే నాకు తెలిసేదా సార్?”

“తెలిసేది కాదు.”

“మరెందుకు చెప్పారు?”

దీనికి నేను జవాబు తయారు చేసుకునే వెళ్లాను. మా ఇల్లు, మా తాతగారు, మా మాట. అదేదీ నోటికి రాలేదు. “మూత తీసింది నేను కాబట్టి,” అన్నాను.

ఆయన తలాడించి, మంచం అంచు చూపించి కూర్చోమన్నారు. కూర్చున్నాను.

“మా షెడ్డులో కూడా ఆయుధ పూజ చేస్తాం సార్. మా వర్కర్లు ఊరుకోరు. కొబ్బరికాయలు, గుమ్మడికాయ నేనే తెప్పిస్తా. కానీ లేత్ మిషన్‌కి బొట్టు బెడ్డు మీద పెట్టనివ్వను. టూలు నడిచేది దాని మీద. కుంకం రవ్వ పడినా గీత పడిద్ది. బాడీకి పెట్టుకోండి, మోటారుకి పెట్టుకోండి, దండెయ్యండి. కదిలే చోట మాత్రం ఏదీ పెట్టకూడదు. అక్కడ నూనె చుక్కే పూజ.”

గుమ్మం దగ్గర సుహాసిని గారు తల దించుకున్నారు. నవ్వారో ఏమో నాకు కనబడలేదు. ఏడు ఊళ్లకు ఆయుధ పూజ చేసిన ఇంటివాణ్ని, ఆయుధానికి బొట్టు ఎక్కడ పెట్టాలో ఆటోనగర్ సాయిబు గారి దగ్గర, ఆయన మంచం అంచున కూర్చుని నేర్చుకున్నాను. అందులో చిన్నతనం ఏమీ అనిపించలేదు. తాతగారు కత్తికి గంధం పిడి మీద పెట్టేవారా, అంచు మీద పెట్టేవారా అని అప్పుడు ఆలోచించాను. నాకు తెలియదు. చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

పూజ ఇప్పటికీ నేనే చేస్తాను. బొట్టు మెషీన్ ఇనుప చట్రానికి పెడతాను. మూతల మీద ఏమీ ఉండదు. ఆ రెండు నిమిషాల పరీక్ష ఆ తర్వాత ఒక్కరోజు కూడా మానలేదు. రోజుకు నాలుగు కేసులుంటే నాలుగుసార్లూ నిలబడి ఆ పలకలు లేవడం, పడటం చూస్తాను. విసుగు రాదు. ఒకసారి కొత్తగా చేరిన టెక్నీషియన్ ఒకమ్మాయి ఇంతసేపు ఏం చూస్తున్నారండీ అని అడిగింది. పక్కన నిలబెట్టి చూపించాను. కాసేపటికి అడగడం మానేసి తనూ చూస్తూ నిలబడింది.

ఆ కేసు నాకు నేర్పింది ఇంకొకటి కూడా ఉంది. ఆ రోజు ఖాసిం గారిని కాపాడింది నా అనుభవం కాదు, ఆ తెర మీది గీత అడుగు. అది లేకపోతే నేను చెమట చూసి, నాడి చూసి, పొట్టలో గ్యాస్‌నే అనుమానిస్తూ ఉండేవాణ్ని. ఆదివారాలు సుహాసిని గారితో కలిసి ఉయ్యూరు, పామర్రు వైపు చిన్న నర్సింగ్ హోములకు వెళుతుంటాను. కొన్నిచోట్ల మెషీన్ బాగుంటుంది, ఆ తెర ఉండదు. ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నాను, ఏమీ అనిపించలేదు. ఆ కేసు తర్వాత అలాంటి థియేటర్‌లో ఊరికే నిలబడలేకపోయాను. ఆ గీత చూపించే చిన్న మెషీన్, చేతి సంచిలో పట్టేది, ఒకటి కొన్నాను. ఎక్కడికి వెళ్లినా నా వెంట వస్తుంది.

దాని కోసం, కాలువ కింద మాకు మిగిలిన అరవై సెంట్ల మాగాణి ఆ మరుసటి వేసవిలో అమ్మేశాను.